మా ప్రేమ కథలు మాకు కావాలి, ఆ చెంపదెబ్బలు వద్దు

తెలుగు నవలలు అచ్చువేసే ప్రచురణకర్తలకు, వారపత్రికల సంపాదకులకు, ఫోన్లలో సీరియల్ కథలు నడిపే యాప్‌ల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను తెనాలిలో ఉండే పాఠకురాలిని. ప్రేమ నవలలు చదువుతాను. మా ఇంట్లో గోడ బీరువా నిండా అవే. చూసినవాళ్ళు కొందరు "ఇవి చదువుతారా మీరు?" అంటారు. ఆ అడగడంలో కాస్త జాలి వినపడుతుంది. నేను మాత్రం ఏ సంకోచమూ లేకుండా "ఇవే చదువుతాను" అంటాను. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎలా తెలుసుకుంటారు, ఎందుకు విడిపోతారు, ఏ మాట దగ్గర మళ్ళీ కలుస్తారు అన్నది చిన్న విషయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. బతుకులో సగం సుఖం, సగం దుఃఖం అక్కడే కదా తేలేది.

ఆ పుస్తకాల మీద ప్రేమతోనే మీకు రాస్తున్నాను. వాటిని ఆపేయమని అడగడానికి కాదు. ఇప్పుడు వస్తున్న ప్రేమ కథల్లో చాలావాటిని చివరిదాకా చదవలేకపోతున్నాను. ఎందుకో వివరంగా చెప్తాను. కొంచెం ఓపికగా వినండి.

ముందు, మమ్మల్ని మీరు ఎవరనుకుంటున్నారో ఆ సంగతి. ప్రేమ నవలల పాఠకురాలంటే పగటికలలు కనే అమాయకురాలని ఒక అభిప్రాయం నాటుకుపోయింది. యద్దనపూడి సులోచనారాణి గారి రోజుల నుంచీ ఇదే మాట. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు అని ఆవిడ నవలల్ని వెక్కిరించినవాళ్ళకి లెక్కలేదు. మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. అట్ట ఊడితే ఖాకీ కాగితం అంటించి, పురికొసతో కుట్టి ఇచ్చేవారు. ఆ పుస్తకాల అంచుల్లో నాకంటే ముందు చదివినవాళ్ళు పెన్సిల్‌తో రాసిన మాటలుండేవి. ఒక నవలలో హీరో మొదటిసారి తియ్యగా మాట్లాడిన చోట ఎవరో "వీణ్ణి నమ్మకు" అని రాశారు. దాని కింద ఇంకో చేతిరాత: "నమ్మొచ్చు. 140వ పేజీ చూడు." ఆ పేజీకి వెళ్ళి చూస్తే మూడో ఆవిడ: "చూశాను. ఐనా నమ్మను."

ఒకరికొకరు ముఖపరిచయం లేని ముగ్గురు ఆడవాళ్ళు ఒక మగవాడి గుణగణాల గురించి ఒక పుస్తకం అంచుల్లో వాదించుకున్నారన్నమాట. ఊరికే కలల్లో తేలేవాళ్ళు పెన్సిల్ పట్టుకుని చదవరు. చదివిన ప్రతి మగపాత్రనీ మేం తూచి చూసేవాళ్ళం. పెళ్ళిచూపుల్లో పావుగంట చూసి జీవితమంతా గడపాల్సిన రోజుల్లో, మనిషిని నిదానంగా పరిశీలించే అవకాశం మాకు దొరికింది నవలల్లోనే.

సులోచనారాణి గారి సెక్రటరీ నవల 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు నేను పుట్టలేదు. మా అమ్మ చదివింది, తర్వాత నేను చదివాను. అందులో జయంతి మధ్యతరగతి పిల్ల, ఉద్యోగం చేసుకుంటుంది, రాజశేఖరం డబ్బున్నవాడు. అక్కడిదాకా ఇవాళ్టి యాప్ కథలాగే ఉంది. తేడా ఎక్కడంటే, జయంతికి తనదంటూ ఒక అభిమానం ఉంది. అతని హోదా చూసి కరిగిపోదు. అతనిమీద ఆమెకో అభిప్రాయం ఉంటుంది, ఆ అభిప్రాయం మారడానికి నవలంతా పడుతుంది. కథ నడిచేదే ఆమె మనసు మీద. కారు ఎంత పొడుగున్నా ఆమె ఒప్పుకుంటేనే కథ ముగుస్తుంది. వెక్కిరించినవాళ్ళు కారుని చూశారు. మా అమ్మ జయంతిని చూసింది.

ఇప్పుడు మీరు నడిపే కథల దగ్గరికి వస్తాను. పేర్లు చెప్పను. ఒక్కదాని గురించి చెప్తే వందకి సరిపోతుంది.

అతను పెద్ద కంపెనీ ఎండీ. ఆమె అక్కడ పీఏగా చేరుతుంది. తమ్ముడి చదువు, తండ్రి ఆపరేషన్, అప్పు. తాతగారి ఆస్తి చేతికి రావాలంటే అతనికి ఏడాదిలోపు పెళ్ళి కావాలి. అందుకని అగ్రిమెంట్ పెళ్ళి. మొదటి రాత్రి "నిన్ను భార్యగా ఒప్పుకోను, నా గదిలో నేల మీద పడుకో" అంటాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆమె కాలేజీ స్నేహితుడితో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతుంటే చూసి చెంప మీద కొడతాడు. ఆమె తూలి మంచం కోడు మీద పడుతుంది, నుదురు చిట్లుతుంది. ఆ భాగం అక్కడితో అయిపోతుంది. తర్వాతి భాగం తెరవాలంటే కాయిన్లు కట్టాలి. కడితే ఏం తెలుస్తుంది? అతని చిన్నతనంలో తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని, అందుకే ఆడవాళ్ళని నమ్మలేడని. నుదుటికి కట్టు కట్టుకున్న ఆ పిల్ల ఏడుస్తూ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఓదారుస్తుంది.

దెబ్బ తిన్నది ఆమె, ఓదార్పు అతనికి. ఈ ఒక్క దృశ్యాన్ని పేర్లు మార్చి ఎన్ని కథల్లో చదివానో!

కోపం, అసూయ, అనుమానం ప్రేమలో ఉండవని నేననను. ఉంటాయి. మగవాళ్ళు కొట్టడం కథల్లో చూపించకూడదనీ అనను. చూపించండి, ఎందుకంటే ఇళ్ళల్లో జరుగుతోంది. నా అభ్యంతరం దాన్ని ప్రేమకి రుజువుగా చూపించడం గురించి. కొట్టాడు కాబట్టి ప్రేమిస్తున్నాడు, వెంటపడ్డాడు కాబట్టి వదల్లేకపోతున్నాడు, ఫోన్ లాక్కున్నాడు కాబట్టి తనదనుకుంటున్నాడు అని మీ కథ చెప్తోంది. చట్టం ఇంకోలా చెప్తోంది. వద్దని తేల్చిచెప్పిన అమ్మాయి వెంటపడటం 2013 నుంచి విడిగా నేరం. అప్పుడు ఐపీసీ 354డి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఇంట్లో భార్యని కొట్టడమే కాదు, మాటలతో హింసించడం, చేతిలో డబ్బు లేకుండా చెయ్యడం కూడా 2005 నాటి గృహహింస చట్టం కిందికి వస్తాయి. మీ హీరో మొదటి యాభై భాగాల్లో చేసినవన్నీ పట్టుకుని ఆ పిల్ల పోలీస్ స్టేషన్‌కి వెళ్తే కేసు నిలబడుతుంది. కథలో మాత్రం అతనికి పెళ్ళిరోజు కేకు కోస్తుంది.

"పాఠకులు అదే అడుగుతున్నారండీ" అని మీరంటారని తెలుసు. ఆ చెంపదెబ్బ భాగానికే ఎక్కువ మంది చదివిన లెక్క చూపిస్తారు. ఆ భాగం కింద కామెంట్లు నేనూ చదివాను. "సూపర్", "హీరో కోపం వెనకాల ప్రేమ ఉంది" అన్నవాళ్ళున్నారు, కాదనను. వాటి మధ్యలో ఒకావిడ ఇలా రాసింది: "మా ఆయనకీ కోపం ఎక్కువే. తర్వాతి భాగంలో ఇతను మారతాడా?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆవిడ కథ కోసం మాత్రమే అడగలేదు. మీ లెక్కల్లో ఆవిడ కూడా ఒక రీడ్, ఒక కామెంట్. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది, మీ కథ ఆవిడకి "మారతాడు, నువ్వు ఇంకాస్త ఓర్చుకుంటే మారతాడు" అని జవాబిచ్చింది. ఎంత మంది తెరిచారన్నది మీకు తెలుస్తుంది. చదివాక ఎవరికి ఎక్కడ కలుక్కుమందో ఆ లెక్కలో రాదు. పైగా భాగాన్ని ప్రమాదం అంచున ఆపితే ఎవరైనా తర్వాతి భాగం తెరుస్తారు. ఆ పిల్ల బతికిందో లేదో అన్న టెన్షన్‌తో తెరుస్తారు. దాన్ని ఇష్టం అనుకోకండి.

ఇంకో మాట కూడా వింటుంటాను, ఇదంతా మన సంప్రదాయమేనని, ఆడది ఓర్పుతో మగవాణ్ణి మార్చుకోవాలని. సంప్రదాయం మాటెత్తారు కాబట్టి దాని గురించే మాట్లాడుకుందాం. తెలుగు శృంగార కవిత్వం తిరగేసి చూడండి, అందులో అలిగేది ఆమె, బతిమాలేది అతను. శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఉన్న నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణంలో, పారిజాతం పువ్వు కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని తెలిసి సత్యభామ అలిగితే శ్రీకృష్ణుడంతటివాడు కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ ఎడమకాలితో తోసేసింది. తన్నులు తినడం గొప్పని కాదు నేను చెప్పేది. తప్పు చేసినవాడు వచ్చి బతిమాలుకోవాలన్న పద్ధతి పదహారో శతాబ్దపు రాజాస్థానంలో కూడా ఉందని చెప్తున్నాను. కృష్ణా జిల్లా మువ్వ పేరు పాటల్లో నిలబెట్టిన క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుణ్ణి నిలదీస్తుంది, నిన్న రాత్రి ఎక్కడున్నావని అడుగుతుంది, వేరే ఆమె దగ్గరికే పొమ్మంటుంది. డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. అతని మీద ఎంత మోజున్నా నోరు మూసుకోదు.

ముద్దుపళని గురించి చెప్పకుండా ఈ లేఖ పూర్తి చెయ్యలేను. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి. పద్దెనిమిదో శతాబ్దంలో రాధికాసాంత్వనం రాసింది. రాధ తానే పెంచిన ఇళ అనే పిల్లని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత తట్టుకోలేక కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెని ఊరడించాలి. కథంతా ఆ ఊరడింపు. ఒక స్త్రీ తన కోరిక గురించి, అసూయ గురించి, వయసు గురించి అంత ధైర్యంగా రాసినందుకు తర్వాతివాళ్ళు ఊరుకోలేదు. వితంతు వివాహాలు చేయించిన వీరేశలింగం గారే ఆ కావ్యాన్ని నిందించారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు పట్టుబట్టి 1910లో పూర్తి పాఠాన్ని మద్రాసు ప్రచురణకర్తలు వావిళ్ళ వారి చేత అచ్చువేయిస్తే, మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో, టంగుటూరి ప్రకాశం గారి హయాంలోగానీ ఆ నిషేధం తొలగలేదు.

ప్రచురణకర్తలు ఈ చరిత్ర గుర్తుంచుకోవాలని నా కోరిక. స్త్రీ తన మనసు తాను చెప్పుకున్న పుస్తకానికి నిషేధం పడింది. రంగనాయకమ్మ గారి జానకి విముక్తిని, భర్తని వదిలి బయటికొచ్చే ఇల్లాలి కథని, ఆంధ్రప్రభ వారపత్రిక సీరియల్ మధ్యలోనే ఆపేసింది. భార్యని కొట్టే హీరో కథని ఎవరూ ఎప్పుడూ ఆపలేదు. ఎవరి కథలకి అభ్యంతరాలు వస్తాయో చూస్తే మీరు ఎటువైపు నిలబడాలో తెలియదా?

శృంగారం సంగతి కూడా తేల్చేస్తాను. ఒకప్పటి నవలల్లో పడకగది తలుపు దగ్గర పేరా ఆగిపోయేది. ఇప్పుడు కొన్ని కథల్లో తలుపే లేదు. నాకు రెండిటితోనూ పేచీ ఒకటే. ఆమెకి ఏమనిపించిందో అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయట్లేదు. ఒళ్ళు వర్ణించడానికి రెండు పేజీలు ఖర్చుపెట్టే రచయిత, "నీకు ఇష్టమేనా?" అని అతని చేత అడిగించడానికి ఒక వాక్యం ఖర్చుపెట్టడు. ఆ వాక్యం ఉంటే సన్నివేశం చల్లారిపోతుందని భయమేమో. చల్లారదు. ఆ ప్రశ్న అడిగిన హీరోల్ని వేళ్ళ మీద లెక్కపెట్టగలను, వాళ్ళని మాత్రం ఎప్పటికీ మర్చిపోలేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద లోటు. మన ప్రేమ కథల్లో కులం లేదు.

హీరో పేరు చివర చౌదరో, రెడ్డో, రాజో, వర్మో ఉంటుంది. హీరోయిన్ "మధ్యతరగతి". అంతే. వాళ్ళ పెళ్ళికి అడ్డం వచ్చేది అంతస్తు, అపార్థం, అత్తగారి మేనకోడలు. తెలుగు నేల మీద ఎవరి ప్రేమకైనా అడ్డం వచ్చేది అత్తగారి మేనకోడలేనా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యని ఆసుపత్రికి తీసుకెళ్ళి బయటికొస్తున్న యువకుణ్ణి ఆమె కళ్ళముందే నరికి చంపారు. అతను దళితుడు. చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్య జరిగిన రోజుల్లో మా ఇంట్లో, మా ఆఫీసులో, రైల్లో ఎక్కడ విన్నా అదే మాట. వీళ్ళు ఆ తండ్రి వైపు, వాళ్ళు ఆ పిల్ల వైపు. ఊరంతా వాదించుకున్న ఆ విషయం, ప్రేమ గురించే అయిన ఆ విషయం, నేను చదివే ప్రేమ కథల్లోకి మాత్రం ఎందుకు అడుగుపెట్టదు?

సీరియస్ సాహిత్యంలో ఉంది, దళిత కథలో ఉంది, నాకు తెలుసు. నేను అడిగేది ప్రేమ నవలలో, శుభం కార్డు పడే నవలలో. వేర్వేరు కులాల ఇద్దరు ప్రేమించుకుని, భయపడి, నిలబడి, చివరికి అద్దె ఇంట్లో పాలు పొంగించుకునే నవల నాకు కావాలి. చావుతో ముగించకుండా రాయండి. ఆ పిల్లలకి చదువుకోవడానికి ఒక్క సుఖాంతమైనా ఉండాలి.

కథకి బిగువు ఉండదని భయపడతారేమో. ప్రత్యేక వివాహ చట్టం 1954 ఒకసారి చదవండి. పెళ్ళి చేసుకుంటామని రిజిస్ట్రార్‌కి నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటిస్తారు. ఇద్దరి పేర్లు, వయసులు, చిరునామాలు. ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు గడువు. ఆ గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వచ్చి సంతకాలు చెయ్యాలి. ఆ నెల రోజులు ఒక అమ్మాయి రోజూ డ్యూటీకి వెళ్తూ, నాన్నకి కాఫీ ఇస్తూ, ఆ ఆఫీసు గోడ మీద తన పేరు చూసి బంధువుల్లో ఎవరైనా ఇంటికి ఫోన్ చేస్తారేమోనని బతికే నవల రాయించండి. సాక్షి సంతకానికి వస్తానన్న స్నేహితురాలు ఆఖరి రోజు ఫోన్ ఎత్తకపోతే? చెంపదెబ్బ దగ్గర ఆపిన ఏ భాగమైనా దీని ముందు నిలబడుతుందా?

కట్నం కూడా అంతే. 1961లో చట్టం వచ్చింది, మా చుట్టూ కట్నం లేని పెళ్ళి అరుదు, నవలల్లో కట్నం అడిగేది మాత్రం విలన్ తల్లే. మంచి కుర్రాడు, చదువుకున్నవాడు, నిజంగానే ప్రేమించినవాడు, వాళ్ళ అమ్మానాన్న "ఏదో వాళ్ళ ముచ్చట" అన్నప్పుడు తలొంచుకుని ఊరుకుంటాడే, అలాంటి హీరోని నేను నవల్లో చూడాలి. అతనితో ఆమె ఏం మాట్లాడుతుందో వినాలి. ఇలాంటి మగవాణ్ణి డాక్టర్ పి. శ్రీదేవి గారు 1950ల్లోనే కాలాతీత వ్యక్తులు నవలలో చూపించారు. అందులో ప్రకాశం చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర అతని పిరికితనాన్ని కళ్ళారా చూస్తుంది, ఆ చూసినదాన్ని దాచుకోదు. ఇందిర మంచిదా చెడ్డదా అని మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. శ్రీదేవి గారు ఒక్క నవలే రాసి చిన్న వయసులోనే పోయారు. ఇన్నేళ్ళకీ ఇందిరకి తోడుగా నిలబడే హీరోయిన్లు మన ప్రేమ కథల్లో ఎందరున్నారు?

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్‌లో తెలుగు సీరియల్ కథలు చదువుతుంది. భర్త ఉద్యోగ వీసాని బట్టి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్ళింది. ఎంసీఏ చదివి, ఇక్కడ ఉద్యోగం వదిలి, అక్కడ పని చెయ్యడానికి అనుమతి లేక ఇంట్లో కూర్చుంది. భర్త గ్రీన్ కార్డు పని ఒక దశ దాటాకగానీ తనకి ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 దాకా ఆ మాత్రమూ ఉండేది కాదు. "పాలప్యాకెట్ కొన్నా ఆయనకి మెసేజ్ వెళ్తుంది అక్కా" అంటుంది. మంచివాడే ఆయన. ఐనా ఆ మెసేజ్ వెళ్తుంది. ఆ ఇద్దరి మధ్య ప్రేమ ఎలా నిలుస్తుందన్నది ఎంత పెద్ద కథ! తను చదివే కథల్లో అమెరికా అంటే హనీమూన్ పాట ఒక్కటే.

నా వయసువాళ్ళ గురించి ఎవరూ రాయరు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు తమ మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇవాళ్టికీ యాభై దాటిన ఒంటరి స్త్రీకి ఒక మనిషి నచ్చడం తెలుగు ప్రేమ నవలకి ఊహకందని విషయం. ఆవిడ నవలలో ఉంటే హీరో తల్లిగానే ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ళై, బీపీ మాత్రలు వేసుకుంటూ, పొద్దున్నే వాకింగ్‌లో రోజూ కనపడే మనిషి రెండు రోజులు రాకపోతే ఆవిడకేమవుతుందో నాకు చదవాలని ఉంది. పిల్లలు ఏమంటారు, ఆస్తి ఎవరిదవుతుంది, ఊళ్ళో ఎలా తలెత్తుకోవాలి అన్న ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి.

దాంపత్యం గురించి సలహాలు చెప్పే పుస్తకాల మీద ఎక్కువ చెప్పను. వాటిలో ఎక్కువ భాగం భార్యకి రాసినవే. మా మేనకోడలి పెళ్ళిలో ఎవరో అలాంటిది బహుమతిగా ఇచ్చారు. భర్త ఇంటికి రాగానే సమస్యలు చెప్పకూడదట, మంచినీళ్ళు ఇచ్చి ముఖం చూసి మాట్లాడాలట. మా మేనకోడలు అతనికంటే రెండు గంటలు ఆలస్యంగా ఇంటికొస్తుంది. తనకి మంచినీళ్ళు ఎవరివ్వాలో ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. ఆ కుర్రాడికి పెళ్ళిలో ఏ పుస్తకమూ ఎవరూ ఇవ్వలేదు. మగవాళ్ళు చదవరు కాబట్టి అచ్చువెయ్యం అనకండి. వాళ్ళ కోసం రాసింది ఒక్కటి చూపించండి. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభలో ప్రమదావనం శీర్షికలో దశాబ్దాల పాటు ఆడవాళ్ళ ప్రశ్నలకి జవాబులిచ్చారు. అడిగినవాళ్ళని ఆవిడ ఆలోచించగలిగే మనుషులుగా చూశారు. అలాంటి శీర్షిక ఇవాళ ఒక్క పత్రిక నడిపినా నేను చందా కడతాను.

రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. సీరియల్ కథలు రాసే అమ్మాయిల్లో చాలామంది ఇంటి పని అయ్యాక, పిల్లలు పడుకున్నాక ఫోన్‌లోనే టైప్ చేస్తారు. రోజుకో భాగం వెయ్యకపోతే చదివేవాళ్ళు జారిపోతారని వాళ్ళ భయం. కొందరికి భాష మీద, మనుషుల మీద మంచి పట్టుంది. మొదటి ఇరవై భాగాలు చదివి ఆనందపడిన కథలున్నాయి. ఆ తర్వాత కథ సాగుతుంది, కొత్త విలన్ వస్తాడు, మతిమరుపు వస్తుంది, కవలలు వస్తారు. పక్కన కూర్చుని "అమ్మా, ఈ కథ అరవయ్యో భాగానికి అయిపోయింది, ఇక్కడ ఆపు" అని చెప్పే ఎడిటర్ ఉంటే ఆ అమ్మాయి మంచి నవలాకారిణి అయ్యేది. మీరు ఆమెకి ఎడిటర్‌ని ఇవ్వలేదు, రేటింగ్ ఇచ్చారు.

అచ్చు పుస్తకాల సంగతీ అంతే. ఈమధ్య కొత్త కుర్రాళ్ళు, అమ్మాయిలు రాసిన ప్రేమ నవలలు పుస్తక ప్రదర్శనల్లో బాగా అమ్ముడవుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. వాళ్ళు క్యూలో నిలబడి కొనడం చూస్తే కడుపు నిండుతుంది. కానీ పేజీకి నాలుగు అచ్చుతప్పులు, వాట్సాప్ సంభాషణ కాపీ చేసినట్టుండే అధ్యాయాలు, 96 పేజీలకి 250 రూపాయలు. ప్రేమ కథే కదా, ఇది చాలులే అన్న ధోరణి కనిపిస్తుంది. చరిత్ర గ్రంథానికి ప్రూఫులు రెండుసార్లు చూసే మీరు ప్రేమ నవలకి ఒక్కసారైనా చూడండి.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి ప్రేమ కథకీ చదివి సరిదిద్దే ఎడిటర్ ఉండాలి. ఆ ఎడిటర్‌కి "ఈ దెబ్బ ఎందుకు? దీని తర్వాత ఈమె ఎందుకు ఉండిపోయింది?" అని రచయితని అడిగే అధికారం ఉండాలి. కథకి ముగింపు వచ్చాక ఆపినందుకు రచయిత డబ్బు నష్టపోకూడదు, భాగాల లెక్కన కాకుండా కథ లెక్కన ఇవ్వండి. హింస ఉన్న కథకి ముందే ఆ మాట రాయండి, కింద మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు వెయ్యండి. "తర్వాతి భాగంలో మారతాడా?" అని అడిగిన ఆవిడకి కథ ఇచ్చిన జవాబు కాకుండా ఇంకో జవాబు కూడా కనపడాలి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఎప్పటిలాగే వస్తాను. అప్పటిలోగా మీరు నాకొక జాబితా ఇవ్వండి. మీరు అచ్చువేసినవాటిలో, మీ యాప్‌లో ఉన్నవాటిలో, వద్దన్న మాట విని హీరో వెనక్కి తగ్గిన ప్రేమ కథలు, కులం దాటి పెళ్ళి చేసుకున్నవాళ్ళు బతికి బట్టకట్టిన ప్రేమ కథలు, యాభై దాటినవాళ్ళ ప్రేమ కథలు ఏమేం ఉన్నాయో పేర్లు చెప్పండి. మీ స్టాల్ ముందు బోర్డు మీద రాసి పెట్టినా సరే. ఉన్నవన్నీ కొంటాను, మా వీధిలో నాతోపాటు చదివే ఆడవాళ్ళ చేతా కొనిపిస్తాను. లేకపోతే లేవని చెప్పండి, ఎప్పటికి తెస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక ప్రేమ నవలల పాఠకురాలు,
తెనాలి.